లాల్ దర్వాజా సింహవాహిని

ఆషాఢ బోనములకు పాతబస్తీలోని లాల్ దర్వాజా శ్రీ సింహవాహిని మహంకాళిని దర్శించు భక్తులకు పెద్దలొక ఐతిహ్యము చెప్పుదురు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచెత్తగా, ప్రధాని మహారాజా కిషన్ ప్రసాద్ సూచనపై ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ బంగారు చేటలో పసుపు కుంకుమలు, ముత్యములు అమ్మవారికి సమర్పించెననియు, అంతట వరద తీసెననియు కథ.

అయినచో అంతమంది ఏల మరణించిరి? ప్రశ్న న్యాయమైనదే. మృతులు సుమారు 15,000 మందియని అంచనా; అఫ్జల్‌గంజ్ చింతచెట్టు నెక్కినవారు నూటయేబదిమంది మాత్రము బ్రతికిరందురు. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్ నిర్మాణము 1920లో పూర్తియైనది. ఐతిహ్యము ఆ మృతులను దాచదు; ఆపదలో ముస్లిము ప్రభువును ప్రజలు తమ తల్లి ముంగిట నిలిపి చూచుకొనిరి. అది నాకు వరద తీయుటకంటె పెద్ద మహిమగా తోచును.

బోనముల మరునాడు ఘటముల ఊరేగింపు చార్మినారు మీదుగా నయాపూల్ చేరి, ఆ మూసీ యొడ్డుననే ముగియును.