జీపు క్రింద చమురు మరక

పాత విల్లీస్ జీపులో గేరుబాక్సు వెనుక బిగించిన ఇనుప పెట్టెను ట్రాన్స్‌ఫర్ కేసు అందురు. ఇంజను శక్తిని ముందు, వెనుక చక్రములకు పంచునది ఇదియే. 1940 దశకపు చివర మన దేశమున మహీంద్రా సంస్థ కూర్చిన జీపులలోను ఇదే ఏర్పాటు.

ఈ పెట్టెనుండి చమురు కారినచో వెంటనే ఆయిల్ సీలు మార్చుట పరిపాటి. కాని పలుమారులు నెల తిరుగకుండగనే మరల కారును. కారణమేమి? పరుగులో పెట్టె వేడెక్కి లోపలి గాలి వ్యాకోచించును. అది వెలుపలికి పోవుటకు బ్రీదరు అను చిన్న మార్గము గలదు. అది మట్టితో పూడినచో ఒత్తిడి సీలుపై పడి చమురును వెలికి త్రోయును. కావున ముందుగా బ్రీదరును శుభ్రపరచవలెను. పిమ్మట యోకును ఊడదీసి, సీలు ఒరసికొను చోటును గోటితో తడవి చూడవలెను. గోరు చిక్కుకొనునంత గాడి పడియున్నచో ఎంత మంచి సీలైనను నిలువదు.

చుక్కలే కదా యని కొందరు పైనుండి చమురు పోసి ఊరకుందురు. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు డ్రమ్ము చక్రములవద్ద గాక ఈ పెట్టె వెనుకనే యున్నదని వారు మరతురు! వెనుక సీలు దాటిన చమురు బ్రేకు లైనింగులోనికి ఇంకును. అప్పుడు ఘాటురోడ్డున నిలిపిన బండి, లివరు పూర్తిగా లాగియున్నను, జారిపోగలదు. చమురు త్రాగిన లైనింగును పెట్రోలుతో కడిగి మరల బిగించుట నాకు సమ్మతము కాదు, క్రొత్తది వేయవలసినదే. అంతవరకు చక్రమునకు రాయి అడ్డుపెట్టక బండి విడిచి పోరాదు.