మన దుర్భిణి చెడిపోలేదు!



పోయిన సంవత్సరం మన సైన్సు గదికి టేబుల్ మీద పెట్టుకొని చూసే చిన్న దుర్భిణి వచ్చింది. ఇప్పుడు అది మళ్లీ అట్టపెట్టెలో, అల్మారా పైన ఉన్నది. ఎందుకని అడిగితే అందరూ మూడు మాటలే చెప్తున్నరు.

ఒకటి: "అన్నీ తలకిందులు చూపెడుతుంది."
రెండు: "ఏమీ కనబడదు. అంతా నల్లగ ఉంటది."
మూడు: "చుక్క దొరికినా పారిపోతది."

అందుకని అది చెడిపోయిందట. వాపసు పంపిస్తరని కూడా విన్నాను. కానీ ఈ మూడూ చెడిపోయిన గుర్తులు కావు. దుర్భిణి అంటేనే అట్ల ఉంటది. ఎందుకో తెలిస్తే ఎవరైనా దాన్ని నడపవచ్చు. అది చెప్పడానికే ఈ వ్యాసం.

దుర్భిణి లోపల ఏమున్నది?

గొట్టం అడుగున ఒక పుటాకార దర్పణం ఉన్నది. అంటే లోపలికి గుంటగా ఉండే అద్దం. దాని వెడల్పు 76 మిల్లీమీటర్లు, సుమారు 3 అంగుళాలు. చుక్క నుంచి వచ్చిన వెలుతురు గొట్టం నోట్లో నుంచి లోపలికి పోయి ఈ అద్దానికి తగులుతుంది. తిరిగి పైకి వచ్చి ఒక చోట కూడుతుంది. అద్దం నుంచి ఆ చోటుకు ఉన్న దూరమే నాభ్యంతరం. మన దుర్భిణికి అది 300 మిల్లీమీటర్లు. గొట్టం నోటి దగ్గర ఏటవాలుగా ఒక చిన్న సమతల దర్పణం ఉండి ఆ వెలుతురును పక్కకు మళ్లిస్తుంది. అక్కడ కంటి కటకం పెట్టి మనం చూస్తాం. (బొమ్మ గీసి కింద అతికించాను.)

ఇట్ల అద్దంతో దుర్భిణిని 1668లో న్యూటన్ తయారు చేశాడు. అంతకు ముందు వాడిన కటకాల దుర్భిణులలో వస్తువు చుట్టూ రంగుల అంచు కనపడేది. అద్దంతో ఆ బాధ లేదు. దుర్భిణిని అటూ ఇటూ, పైకీ కిందికీ తిప్పే మన చెక్క పీట వంటిదానిని అమెరికాలో జాన్ డాబ్సన్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన ముందు రామకృష్ణ సంఘం ఆశ్రమంలో సన్యాసి. తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో రోడ్డు పక్కన దుర్భిణి పెట్టి, పోయేవాళ్లను పిలిచి చంద్రుణ్ణి చూపెట్టేవాడు.

చీకట్లో మన కంటిపాప ఎక్కువలో ఎక్కువ 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. 76 మిల్లీమీటర్ల అద్దం అంతకు వంద రెట్లకు పైగా వెలుతురు పోగుచేస్తుంది. దుర్భిణి అసలు పని ఇదే. పెద్దగ చూపెట్టుడు రెండో పని.

మొదటి ఫిర్యాదు: తలకిందులు

మెస్సులో పప్పు వడ్డించే స్టీలు గంటె తీసుకొని లోపలి వైపు చూడండి. మీ ముఖం తలకిందులుగా కనబడుతుంది. గంటె చెడిపోయిందా? లేదు కదా! పుటాకార దర్పణం దూరపు వస్తువుల బొమ్మను తలకిందులుగానే ఏర్పరుస్తుంది. దుర్భిణిలో ఉన్నదీ అటువంటి అద్దమే. కంటి కటకం ఆ బొమ్మను పెద్దది చేస్తుంది గానీ తిప్పి నిలబెట్టదు. నీళ్ల ట్యాంకును చూస్తే వింతగ ఉంటది. చంద్రునికి, చుక్కలకు పైన ఏది, కింద ఏది? వాటికి తలకిందులైతే నష్టం లేదు.

రెండో ఫిర్యాదు: అంతా నలుపు

మన పెట్టెలో రెండు కంటి కటకాలున్నయి. ఒకదాని మీద 20 అని, ఇంకోదాని మీద 4 అని రాసి ఉన్నది. లెక్క ఇట్ల చేయాలి. నాభ్యంతరాన్ని ఆ అంకెతో భాగించాలి.

300 ÷ 20 = 15 రెట్లు
300 ÷ 4 = 75 రెట్లు

75 పెద్దది కదా అని అందరం 4 అంకెదే ముందు పెడుతున్నం. తప్పు అక్కడ ఉన్నది. 75 రెట్లలో ఆకాశంలో ఇంచుమించు పున్నమి చంద్రుడంత జాగానే కనబడుతుంది. ఊదుగొట్టంలో నుంచి చూస్తూ అడవిలో మేకను వెతికినట్టు అవుతుంది. వెలుతురు కూడా పలచబడుతుంది. 15 రెట్ల కంటే 75 రెట్లు అయిదింతలు పెద్దది కాబట్టి అదే వెలుతురు 5 × 5 = 25 రెట్ల జాగాలో పరుచుకుంటుంది. అందుకే ఎప్పుడైనా 20 అంకె కటకంతో మొదలుపెట్టాలి. వస్తువు నడిమధ్యకు వచ్చినంకనే 4 అంకెది పెట్టాలి.

మూడో ఫిర్యాదు: పారిపోతది

భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది. గంటకు 15 డిగ్రీలు. అంటే 4 నిమిషాలకు 1 డిగ్రీ. చంద్రుని వెడల్పు అర డిగ్రీ. కాబట్టి 75 రెట్లలో రెండు నిమిషాలు అయ్యేసరికి చూస్తున్నది పక్కకు జరిగిపోతుంది. చుక్క పారిపోవడం లేదు. మనమే, ఈ హాస్టల్‌తో సహా, తిరుగుతున్నం. భూభ్రమణం అని సాంఘిక శాస్త్రంలో చదివి పరీక్షలో రాసిందే ఇది. దుర్భిణిలో అది కంటికి కనబడుతుంది! మెల్లగ గొట్టాన్ని కొంచెం జరిపితే చుక్క మళ్లీ వస్తుంది.

మొదలుపెట్టే పద్ధతి

1. ముందు పగలు నేర్చుకోవాలి. టీచర్ పక్కన ఉండగా, సూర్యుడు మన వీపు వెనుక ఉన్నప్పుడు, దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకును చూడాలి. గొట్టం పక్క నుంచి కన్ను పెట్టి గురి చూసి, తరువాత కటకంలో చూడాలి. పగలు గురి కుదిరితే రాత్రి సులువు.

2. కదలని చోట పెట్టాలి. ప్లాస్టిక్ కుర్చీ, మెస్సు ఇనుప బెంచీ పనికిరావు. ముట్టుకుంటే చాలు ఊగుతయి. సంపు పక్కన ఉన్న సిమెంటు దిమ్మె అన్నిటికన్న మంచిది. డాబా పిట్టగోడ మీద అసలే పెట్టొద్దు.

3. బయటికి తెచ్చిన తరువాత ఇరవై నిమిషాలు ఊరికే ఉంచాలి. గది వేడి ఉన్న అద్దం చల్లబడేదాకా బొమ్మ అలలాడుతుంది. అప్పటిదాకా మన కళ్లు కూడా చీకటికి అలవాటు పడుతయి.

4. 20 అంకె కటకం పెట్టి, పక్కన ఉన్న మరను మెల్లగ తిప్పాలి. చుక్క పెద్ద రింగులాగా కనిపిస్తే ఇంకా కుదరలేదని అర్థం. చిన్న బొట్టు అయ్యేదాకా తిప్పాలి.

5. ఒకరు చూస్తుంటే ఇంకొకరు గొట్టం పట్టుకోవద్దు. వరుసలో నిలబడాలి.

6. అద్దం మీద దుమ్ము పడితే చున్నీతో తుడవొద్దు. గీతలు పడితే పోవు. కొంచెం దుమ్ముతో నష్టం లేదు. పని అయిపోగానే మూత పెట్టాలి.

జాగ్రత్త! దుర్భిణితో సూర్యుణ్ణి ఎప్పుడూ, ఒక్క క్షణం కూడా చూడరాదు. కన్ను కాలిపోతుంది. మళ్లీ రాదు. పగటి పూట టీచర్ లేకుండా దుర్భిణి మూత తీయరాదు. ఈ మాట చిన్న తరగతుల చెల్లెళ్లకు అందరూ చెప్పాలి.

ఏమేమి చూడాలి?

చంద్రుడు: పున్నమి రోజు చూస్తే కళ్లు చెదురుతయి, గుంటలు కనిపించవు. ఎండ నేరుగా పడి నీడలు ఉండవు. అమావాస్య తరువాత నాలుగో రోజు నుంచి దశమి వరకు మంచిది. వెలుగు, చీకటి కలిసే గీత దగ్గర చూడండి. గుంటల గోడల నీడలు పొడుగ్గా పడతయి. 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగింది దక్షిణ ధ్రువం వైపున. దిగిన యంత్రం ఏ చిన్న దుర్భిణికీ కనబడదు. ఆ వైపున నేల ఎంత గుంటలు గుంటలుగా ఉంటదో మాత్రం తెలుస్తుంది.

గురుడు: మిణుకుమిణుకు అనకుండా నిలకడగా వెలుగుతాడు. 15 రెట్లలోనే పక్కన వరుసగా చిన్న చుక్కలు కనబడతయి. అవి గురుని చందమామలు. 1610 జనవరిలో గెలీలియో చూసిన నాలుగూ ఇవే. ఒక్కోసారి ఒకటి రెండు గురుని వెనుకకో ముందుకో పోయి కనిపించవు. అన్నిటికన్న లోపలిది సుమారు 42న్నర గంటలలో ఒక చుట్టు తిరుగుతుంది. మూడు రాత్రులు నోటుపుస్తకంలో బొమ్మ గీస్తే అవి జాగా మారినట్టు మనమే కనిపెట్టవచ్చు.

శని: 15 రెట్లలో కోలగా ఉంటాడు. 75 రెట్లలో బియ్యపు గింజంత కనబడి చుట్టూ వలయం తెలుస్తుంది. 2025 మార్చిలో ఆ వలయం మనకు అంచువైపుగా తిరిగింది. అందుకని సన్నబడింది. ఇక సంవత్సరం సంవత్సరం తెరుచుకుంటూ 2032 నాటికి బాగా విచ్చుకుంటుంది.

పిల్లలకోడి: పుస్తకంలో కృత్తికలు. చలికాలం కనబడతయి. ఉత్త కంటికి ఆరు చుక్కలు. 15 రెట్లలో కోడి చుట్టూ మస్తు పిల్లలు!

మంచం దొంగలు: మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. పుస్తకం చదివి చెప్పేవాళ్లు లేరు. కానీ గూడెంలో మా అవ్వకు చుక్కలు తెలుసు. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనుక మూడు చుక్కలు ఆ మంచం ఎత్తుకపోయే దొంగలు అని చెప్తది. పుస్తకంలో వాటినే సప్తర్షులు అన్నరు. ఎండకాలం రాత్రులు ఉత్తరం దిక్కున కనబడతయి. మధ్య దొంగను చూడండి. అతడే వశిష్ఠుడు, పక్కన సన్నగ ఉన్నది పెళ్లిలో చూపెట్టే అరుంధతి. ఇప్పుడు 4 అంకె కటకం పెట్టండి. వశిష్ఠుడు కూడా ఒకటి కాదు, రెండు చుక్కలు! అవ్వకు కూడా ఇది తెలువదు. ఈసారి సెలవులకు పోయినప్పుడు చెప్తాను. కానీ ఆ చుక్క ఎక్కడుందో నాకు చూపెట్టింది మాత్రం అవ్వనే.

మన దగ్గర వెలుతురు ఎక్కువ కదా?

నిజమే. సంగారెడ్డి నుంచి తూర్పున పటాన్‌చెరు, దాని వెనుక హైదరాబాదు. ఫ్యాక్టరీల లైట్లు, హైవే లైట్లు పొగకు, దుమ్ముకు తగిలి ఆ దిక్కు రాత్రి కూడా నారింజ రంగులో ఉంటుంది. గూడెంలో కనిపించే పాలపుంత ఇక్కడ కనబడదు. కానీ చంద్రుడు, గురుడు, శని మస్తు వెలుగున్నవి. వాటికి ఈ లైట్లు అడ్డం రావు. తూర్పున లేచినవి ఆకాశంలో సగం పైకి ఎక్కేదాకా ఆగితే చాలు. వాన పడి వెలిసిన రాత్రి గాలి కడిగినట్టు ఉంటది. ఆ రాత్రి వదలొద్దు. చీకటి లేదని పెట్టెలో పెట్టనవసరం లేదు.

మీకు తెలుసా?

హైదరాబాదులో నిజామియా వేధశాలను 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ప్రారంభించాడు. వేణు బప్పు తండ్రి అందులో పనిచేసేవాడు. వేణు బప్పు చిన్నప్పటి నుంచి అక్కడి దుర్భిణులను చూస్తూ పెరిగాడు. నిజాం కాలేజీలో చదివి, 1949లో అమెరికాలో ఉన్నప్పుడు ఇంకో ఇద్దరితో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టాడు. దానికి ఆ ముగ్గురి పేర్లే పెట్టారు. తమిళనాడు కావలూరులో ఉన్న 2.34 మీటర్ల అద్దం దుర్భిణికి ఆయన పేరే ఉన్నది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం వాళ్లు హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్‌లో 1968లో 48 అంగుళాల అద్దం దుర్భిణి పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చినప్పుడు ఎంతోమంది భయపడి ఇండ్లలో తలుపులు వేసుకున్నరు. రంగాపూర్‌లో మాత్రం శాస్త్రజ్ఞులు ఆ గ్రహణాన్ని పరిశీలించారు. ఆ 48 అంగుళాల దుర్భిణిలోనూ వెలుతురును పోగుచేసేది గుంట అద్దమే, మన 3 అంగుళాల దానిలోనూ గుంట అద్దమే.

వార్డెన్ మేడం గారికి మనవి

ఆడపిల్లలు రాత్రి బయటికి ఎందుకని అంటారు. మేము గేటు దాటము, డాబా ఎక్కము. సంపు దిమ్మె వార్డెన్ గది కిటికీకి ఎదురుగానే ఉన్నది. శనివారం రాత్రి 8 నుంచి 9 వరకు, వారానికి ఒక తరగతి చొప్పున, పదిమంది జట్లుగా, ఒక టీచర్‌తో చూస్తాం. ఆ ఒక్క గంట వరండా లైట్లు రెండు ఆర్పితే చాలు. ఎవరెవరు ఏమి చూశారో రిజిస్టరులో రాసి, బొమ్మలు గీసి, వచ్చే నెల ఈ గోడపత్రికలో అతికిస్తాం. నాలుగు శనివారాలు చూసినంక కూడా దుర్భిణి పనికిరాదని తోస్తే అప్పుడు వాపసు పంపించండి.

అప్పటిదాకా మెస్సులో గంటె దొరికినప్పుడల్లా లోపలి వైపు చూసుకోండి!

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని