పాలటైన్ గోడల మీద పేర్లు

మనం వాడే ప్యాలెస్ అనే మాటకు పుట్టిల్లు రోమ్ నగరంలోని పాలటైన్ కొండ. లాటిన్‌లో దాని పేరు పలాటియం. అగస్టస్ మొదలుకొని చక్రవర్తులు అక్కడే నివసించడంతో కొండ పేరే రాజభవనానికి పేరయింది.

కొలోసియం టిక్కెట్టుతోనే ఈ శిథిలాలు కూడా చూడవచ్చు. అయితే పైకి వెళ్ళాక ముందు నిరాశే కలుగుతుంది. ఎటు చూసినా ఎర్రని ఇటుక గోడలే! వాటికి తాపిన చలువరాతి పలకలను తర్వాతి శతాబ్దాలవారు ఊడదీసి పట్టుకుపోయారు. ఆ గోడల్లో ఎక్కువ భాగం డొమిషియన్ చక్రవర్తి భవనానివి. రబీరియస్ అనే శిల్పి దానిని క్రీ.శ. 92 నాటికి పూర్తిచేశాడు. వెనుక నుండి ఎవరు వస్తున్నారో కనబడేలా డొమిషియన్ తాను తిరిగే చోట గోడలకు నిగనిగలాడే రాయి తాపించాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. అయినా క్రీ.శ. 96లో ఆ చక్రవర్తి సొంత ఇంటి మనుషుల చేతిలోనే హతుడయ్యాడు.

మిత్రులారా, చక్రవర్తుల సంగతి పాఠ్యపుస్తకాల్లో ఎలాగూ ఉంటుంది. మన హాస్టల్ విద్యార్థులు తెలుసుకోవలసింది ఆ కొండ కింద, రథాల పందేలు జరిగిన సర్కస్ మాక్సిమస్ వైపు ఉంది. దాని పేరు పెడగోజియం. భవనంలో సేవ చేయడానికి బానిస బాలురకు శిక్షణ ఇచ్చిన చోటు అదేనని పండితుల అభిప్రాయం. మన హాస్టల్‌తో దానిని పోల్చకూడదు. మనం చదువుకోవడానికి వచ్చాం, వాళ్ళను సొంతదారులు తెచ్చిపెట్టారు.

కానీ పిల్లలు పిల్లలే. మనం ట్రంకుపెట్టె మూత మీద పేరు చెక్కుకున్నట్లే వాళ్ళూ గోడల మీద గీశారు. కొరింథస్ పెడగోజియం నుండి వెళ్ళిపోతున్నాడు అని ఒకటి. మరియానస్ వెళ్ళిపోతున్నాడు అని మరొకటి. అతని పేరు పక్కన ఆఫ్రికావాడు అని కూడా ఉంది. ఎక్కడికి వెళ్ళారో ఏ గ్రంథంలోనూ లేదు. చక్రవర్తి రాయించిన శాసనాల కన్నా నాకు ఈ గీతలే విలువైనవిగా తోస్తాయి.

అక్కడ ఎగతాళి కూడా ఉంది. 1857లో బయటపడిన ఒక గీతలో శిలువ మీద గాడిద తల మనిషి, పక్కన చెయ్యెత్తి మొక్కుతున్న యువకుడు. అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు అని కింద గ్రీకులో రాశారు. క్రైస్తవుడైన తోటివాణ్ణి ఏడిపించడానికి గీసిందని చెబుతారు. ఇప్పుడది కొండ మీది మ్యూజియంలో ఉంది.

అదే కట్టడంలో ఇంకొక గదిలో, లాటిన్‌లో, రెండే మాటలు దొరికాయి: అలెక్సామెనోస్ విశ్వాసి. అవి ఎవరు రాశారో తెలియదు.