సామాను బండి కెక్కుటకు ముందు

విశాఖపట్నమున చిరకాలము కాపురము చేసి, పదవీవిరమణానంతరము హైదరాబాదున ఉద్యోగము చేయుచున్న కుమారుని చెంతకు తరలిపోవ నిశ్చయించుకొన్న దంపతులు మొట్టమొదట చేయు పని లారీ కిరాయి ఎంతయో విచారించుట. పిదప ఆ కిరాయికి హమాలీ ఖర్చును, రైలు టికెట్లను, క్రొత్త ఇంటి అడ్వాన్సును కూడి, ఆ మొత్తమునకు చిల్లర ఖర్చులని మరికొంత చేర్చి, ఖర్చుల పట్టిక ముగిసినదని తలంతురు. పట్టిక మంచిదే. కాని దారిలో సామాను పగిలినను, పోయినను, ఆ నష్టమును ఎవరు భరింపవలెను, ఎంతవరకు భరింపవలెను అను వరుస అందులో సాధారణముగా కానరాదు. చట్టము మొదట చూచునది ఆ వరుసనే; అది పూరింపబడు ముహూర్తము కూడ సామాను బండి కెక్కుటకు పూర్వమే గాని తరువాత కాదు.

రోడ్డుమార్గమున కిరాయికి సరుకు మోయువారి బాధ్యతలను నిర్ణయించునది 2007వ సంవత్సరపు 'క్యారేజ్ బై రోడ్' చట్టము. 1865 నాటి క్యారియర్స్ చట్టమునకు బదులుగా వచ్చిన ఈ శాసనము 2011 నుండి అమలులో నున్నది. లారీ సొంతదారు మాత్రమే కాక, సరుకు బుక్ చేసికొను కంపెనీయు, కాంట్రాక్టరును, ఏజెంటును, బ్రోకరును సైతము ఇందలి 'కామన్ క్యారియర్' నిర్వచనములోనికి వత్తురు కావున, 'బండి మాది కాదండీ, మేము మాట్లాడి పెట్టాము, అంతే' అని ప్యాకర్సు వారు చెప్పు సమాధానము వారిని బాధ్యతనుండి విముక్తులను చేయజాలదు. రిజిస్ట్రేషను లేక ఈ వ్యాపారము చేయరాదని 3వ సెక్షను చెప్పుచున్నది. కావున అడ్వాన్సు పంపుటకు ముందే ఆ రిజిస్ట్రేషను సంఖ్యను, జి.ఎస్.టి. సంఖ్యను అడిగి తీసికొనవలెను, జి.ఎస్.టి. సంఖ్యను ప్రభుత్వ పోర్టలులో కొట్టి చూచినచో వ్యాపారి అసలు పేరు కనబడును. పేరుపొందిన సంస్థ పేరునే ఒక అక్షరము మార్చి పెట్టుకొన్న దుకాణములు ఈ వ్యాపారమున కొల్లలుగా నుండుటచేత, ఈ రెండు నిమిషముల శ్రమ వృథా కాదు.

ఇక అసలు విషయము. సామాను అప్పగించునప్పుడు పంపువాడు 'గూడ్స్ ఫార్వర్డింగ్ నోటు' అను పత్రమును వ్రాసి ఇయ్యవలెననియు, అందు సరుకు విలువను ప్రకటింపవలెననియు 8వ సెక్షను విధించుచున్నది. దానికి ప్రతిగా రవాణాదారు గూడ్స్ రసీదు నిచ్చి, మూలప్రతిని పంపువానికే అందజేయవలెనని 9వ సెక్షను శాసించుచున్నది. వ్యవహారమున మనవారు ఎల్.ఆర్. అని పిలుచునది ఈ రసీదునే. జరుగుచున్న దేమనగా, హమాలీలు బీరువాను మెట్లమీదుగా దింపుచు కేకలు వేయుచుండగా, సూపర్వైజరు ఒక అచ్చుకాగితమును ముందు పెట్టి 'మామూలు ఫారమేనండీ, ఇక్కడ సంతకం పెట్టండి' అనును. గృహస్థుడు బీరువాపై చూపు నిలిపి కాగితముపై సంతకము పెట్టును. ఆ కాగితమున సరుకు వర్ణనమను చోట 'పాత ఇంటి సామాను' అనియు, విలువ అను చోట ఏమియు లేకయో, లేక 50,000 రూపాయలనియో వ్రాసి యుండును.

ఆ అంకె యొక్క బలమును తెలిసికొనవలెనన్నచో 10వ సెక్షనును, దాని క్రింద చేసిన నిబంధనలను చూడవలెను. హెచ్చు రిస్కు రేటును చెల్లించెదనని పంపువాడు స్పష్టముగా ఒప్పుకొననిచో, రవాణాదారుని బాధ్యత కిరాయికి పది రెట్లకు మించదు. ఆ పది రెట్లును నోటులో ప్రకటించిన విలువను దాటరాదు. ఉదాహరణమునకు ఒక కుటుంబమునకు వచ్చిన బిల్లు మొత్తము 32,000 రూపాయలనుకొందము. అందు ప్యాకింగునకు 14,000, ఎక్కింపు దింపులకు 6,000, కిరాయికి 12,000 అని విడదీసి వ్రాసినచో, పది రెట్లనగా 1,20,000 మాత్రమే యని వాదించుటకు రవాణాదారునకు అవకాశము మనమే ఇచ్చినట్లగును. మొత్తము 32,000లును ఇంటినుండి ఇంటివరకు చేర్చు రవాణా కిరాయియే యని కొటేషనులో వ్రాయించుకొన్నచో ఆ హద్దు 3,20,000 వరకు పోవును. అయినను విలువ గడిలో 50,000 అని యున్నచో ఈ లెక్కలన్నియు నిష్ఫలములు. టేకు మంచము, ఫ్రిజ్జు, వాషింగు మిషను, టీవీ కలిసి నాలుగు లక్షలైనను చేతికి వచ్చునది ఆ ఏబది వేలకు లోబడియే. ఇన్సూరెన్సు ప్రీమియము తగ్గునన్న ఆశతో విలువను తక్కువచేసి వ్రాయు ఆచారము మనలో గట్టిగా పాతుకొనిపోయినది. దానివలన మిగులునది కొన్ని వందలు, పోగొట్టుకొనునది హక్కు.

కావున ఖర్చుల పట్టికకు ముందు సామాను పట్టికను వ్రాయుడు. ఒక్కొక్క వస్తువునకు ఎదుట దాని నేటి విలువను, పెట్టె సంఖ్యను వేసి, ఆ మొత్తమునే నోటులో ప్రకటించి, రెండు ప్రతులపైనను రవాణాదారుని ముద్రను, సంతకమును తీసికొనుడు. 'ఇత్తడి సామాను – 1 పెట్టె' అని కాక 'ఇత్తడి గుండిగలు రెండు, బిందెలు మూడు, ఒక దానికి అంచున పాత సొట్ట' అని వ్రాయుట చాదస్తముగా తోపవచ్చును గాని, రేపు సొట్ట ఎవరు చేసిరను వివాదమున ఆ చాదస్తమే సాక్ష్యమగును. బంగారము, దస్తావేజులు, సర్టిఫికెట్లు బండిలో పంపవలదు. ప్రమాదకరమైన సరుకు ఉన్నచో దానిని కూడ నోటులో ప్రకటింపవలసి యుండును కావున, గ్యాసు సిలిండరును రెగ్యులేటరుతో సహా ఏజెన్సీలోనే అప్పగించి, డిపాజిట్టును తీసికొని, వారిచ్చు వౌచరును క్రొత్త ఊరి కనెక్షనుకొరకు దాచుకొనుడు.

సామాను చేరవలసిన తేదిని సైతము నోటులో వ్రాయించుట మరువరాదు. ఒప్పుకొన్న గడువులోపలి ఆలస్యమునకు రవాణాదారుని బాధ్యత కిరాయి మొత్తమునకే పరిమితము. ఆ గడువు దాటినచో హెచ్చు పరిహారమునకు మార్గ మేర్పడును. గడువే వ్రాయనిచో 'నాలుగైదు రోజులలో' అన్న నోటిమాట తప్ప చేతిలో ఏమియు నుండదు.

ఇన్సూరెన్సు పేర జరుగుచున్న వ్యవహారము ప్రత్యేకముగా చెప్పదగినది. సామాను విలువపై నూటికింతని వసూలు చేసి, రసీదుపై 'ఇన్సూరెన్సు' అని వ్రాసి ఇచ్చుటతో ఇన్సూరెన్సు కాజాలదు. ఇన్సూరెన్సు కంపెనీ జారీచేసిన పాలసీ లేక సర్టిఫికెటు, అందు మీ పేరు, బండి వివరములు, ప్రయాణపు తేది ఉన్నప్పుడే అది ఇన్సూరెన్సు. లారీ బోల్తాపడుట, తగులబడుట వంటి ప్రమాదములకు మాత్రమే వర్తించు పాలసీకిని, దారిలో కలుగు సమస్త నష్టములకు వర్తించు పాలసీకిని భేదము కలదు. అద్దము పగిలినది, సోఫా చిరిగినది అను ఫిర్యాదులు మొదటి తరహాలో నిలువవు. ఇంటివారు తామే కట్టిన పెట్టెలకు చాల పాలసీలు వర్తింపవు. పాలసీ సొమ్ము విషయమున కంపెనీ తగవు పెట్టినచో హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మనుకు ఫిర్యాదు చేయవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములు రెండును ఆ కార్యాలయపు పరిధిలోనివే, రుసుము లేదు.

కొటేషనులో చేర్చవలసిన వానిలో టోలు, డ్రైవరు భత్యము, మెట్లమీద మోత అందరకు తెలిసినవే. హైదరాబాదు లోపలికి భారీ లారీలను పగటివేళ రానీయరు గనుక నగరపు పొలిమేరలో చిన్నబండిలోనికి మార్చు ఖర్చెవరిదో ముందుగానే వ్రాయించుకొనుడు. 'చెక్‌పోస్టు ఖర్చు', 'ఈ-వే బిల్లు ఖర్చు' అని అడిగినచో మాత్రము నిరాకరింపవచ్చును: వాడిన గృహోపకరణములకు ఈ-వే బిల్లు అక్కరలేదని జి.ఎస్.టి. నిబంధనలలోనే ఉన్నది, వాణిజ్యపన్నుల చెక్‌పోస్టులు 2017లో జి.ఎస్.టి. రాకతో ఎత్తివేయబడినవి.

అన్నింటికంటె బాధాకరమైన స్థితి సామాను బండిలో ఉండగా అదనపు సొమ్ము నడుగుట. సూర్యాపేట దాటినదని ఉదయము ఫోను. మధ్యాహ్నమున 'సామాను ఎక్కువైంది, ఇంకో పదిహేను వేలు వేస్తేనే బండి కదులుతుంది' అని మరొక ఫోను. ఒప్పుకొన్న కిరాయి బాకీ యున్నచో దానికొరకు సామాను నిలుపుకొను హక్కు రవాణాదారునకు కలదు. ఒప్పుకొనని సొమ్ముకొరకు ఆ హక్కు లేదు. రవాణాదారునిగా అప్పగింత పొందిన సొత్తును దురుద్దేశముతో తన వశము చేసికొన్నచో, భారతీయ న్యాయసంహిత 316వ సెక్షను క్రింద ఏడేండ్లవరకు శిక్షార్హమైన నేరము. ఫిర్యాదు విశాఖలోనే ఇయ్యవలెనా, హైదరాబాదులోనా అన్న మీమాంస అక్కరలేదు; నేరము ఎచ్చట జరిగినను ఏ పోలీసు స్టేషనులోనైనను సమాచారము స్వీకరింపవలెనని 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షాసంహిత 173వ సెక్షను చెప్పుచున్నది. ఇది సివిలు తగవని స్టేషనులో పంపివేయుటయు కద్దు. నా అభిప్రాయమున, పిల్లల పుస్తకములు, వృద్ధుల మందులు ఆ బండిలో చిక్కియున్నప్పుడు పంతమునకు పోవుటకంటె, 'ఒప్పందమునకు మించిన ఈ సొమ్మును అభ్యంతరముతో చెల్లించుచున్నాను' అని వాట్సాపులో సందేశము పంపి, సొమ్మును డ్రైవరు స్వంత నంబరునకు కాక సంస్థ ఖాతాకే పంపి, సామాను దింపించుకొని, పిదప తిరిగి రాబట్టుకొనుట వివేకము. ఆ సందేశములున్న ఫోనును మార్చవలసివచ్చినను పారవేయవలదు.

సామాను దింపిన పిమ్మట 'సక్రమముగా ముట్టినది' అను అచ్చువాక్యము క్రింద సంతకము పెట్టుమందురు. దాని ప్రక్కనే 'పెట్టెలు విప్పి చూడలేదు. ఫ్రిజ్జు తలుపు సొట్టపడినది. 14వ సంఖ్య పెట్టె రాలేదు' అని స్వహస్తముతో వ్రాసి, సంతకముచేసి, ఫొటో తీసికొనుడు. తరువాత చేయవలసినది నోటీసు. దావా వేయుటకు పూర్వము, బుక్ చేసిన తేదినుండి 180 దినములలోపల, వ్రాతపూర్వకమైన నోటీసు ఇచ్చి తీరవలెనని 16వ సెక్షను నిర్బంధించుచున్నది. గడువు సామాను చేరిన దినమునుండి కాదు, బుక్ చేసిన దినమునుండి. 'చూస్తామండీ, హెడ్డాఫీసుకు పంపాము' అను మాటలతో ఆరు నెలలు గడచిపోయి హక్కు చెడుచున్నది. నోటీసునకు వకీలు అక్కరలేదు. ఇట్లు వ్రాసి స్పీడ్ పోస్టున పంపిన చాలును:

'ఫలానా తేదిన ఫలానా సంఖ్య గల ఎల్.ఆర్. క్రింద విశాఖపట్నమునుండి హైదరాబాదునకు మీకప్పగించిన నా గృహసామగ్రిలో ఈ క్రింది వస్తువులు పగిలినవి, ఈ క్రిందివి చేరలేదు. నష్టము మొత్తము ఇంత. ఈ నోటీసు అందిన 15 దినములలో చెల్లింపనిచో చట్టప్రకారము చర్య తీసికొందును. ఇది 2007 చట్టము 16వ సెక్షను క్రింది నోటీసుగా ఎంచవలెను.'

నష్టము రవాణాదారుని నిర్లక్ష్యమువలననే కలిగినదని రుజువు చేయు భారము మీపై లేదు. 12వ సెక్షను ఆ భారమును తొలగించినది. దైవికోపద్రవము, యుద్ధము, అల్లర్లు, ప్రభుత్వ నిషేధము వంటి కారణములున్నవని చూపుకొనవలసినది రవాణాదారుడే. అప్పుడును తగిన జాగ్రత్తచే తప్పింపగలిగినదైనచో అతడు తప్పించుకొనలేడు. తుఫాను హెచ్చరిక టీవీలో వచ్చుచుండగా టార్పాలిను కప్పక బయలుదేరినవాడు దైవమును సాక్షిగా పిలుచుకొనలేడు.

సామానుతోపాటు వాహనమును కూడ ఆంధ్రప్రదేశ్ నుండి తెలంగాణమునకు తెచ్చువారికి ఒక మాట. 12 నెలలకు మించి ఉంచినచో క్రొత్త రాష్ట్రపు నంబరు తీసికొనక తప్పదు. అందులకు పాత రాష్ట్రపు నిరభ్యంతర పత్రము (ఎన్.ఓ.సి.) కావలెను. మోటారు వాహనముల చట్టము 48వ సెక్షను ప్రకారము దరఖాస్తు అందిన 30 దినములలో అధికారి కాదనియైనను చెప్పనిచో ఎన్.ఓ.సి. ఇచ్చినట్లే భావింపబడును. క్రొత్తచోట కట్టవలసిన జీవితపన్ను లారీ కిరాయికంటె హెచ్చు కావచ్చును గనుక దానిని మొదటనే బడ్జెటులో వేయుడు. అద్దె ఇల్లు ఖాళీచేయువారు రంగులఖర్చని డిపాజిట్టు కోయు విషయమున, సహజమైన అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని ఆస్తి బదిలీ చట్టము 108వ సెక్షను చెప్పుచున్నదని గుర్తుంచుకొని, ఆపై ఒప్పందపత్రములో ఏమున్నదో చూచుకొనవలెను. పత్రములో ఒప్పుకొని యున్నచో వాదము బలహీనము.

ఇక రవాణాదారునకు పంపిన నోటీసునకు జవాబు రానిచో వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చును. పెక్కు సంస్థలు ఆ దశలోనే దిగివచ్చును. రానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. రసీదు అడుగున సన్నని అక్షరములతో 'వివాదములు ఢిల్లీ కోర్టుల పరిధిలోనివి' అని యుండుట చూచి నిరుత్సాహపడనక్కరలేదు: 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 34వ సెక్షను ఫిర్యాదుదారు నివసించు చోటనే ఫిర్యాదు వేయుటకు హక్కు నిచ్చినది, కావున హైదరాబాదు చేరిన దంపతులు హైదరాబాదుననే వేయవచ్చును. చెల్లించిన కిరాయి 5 లక్షలకు లోపడిన వ్యవహారములలో రుసుము లేదు, వకీలును పెట్టుకొనుట ఐచ్ఛికము, గడువు రెండేండ్లు. ఫిర్యాదుతో జతచేయవలసినవి కొటేషను, ఫార్వర్డింగ్ నోటు, ఎల్.ఆర్., సామాను పట్టిక, చెల్లింపుల వివరములు, ఫొటోలు, నోటీసు ప్రతి, పోస్టు రసీదు.