రాచెట్టు స్క్రూడ్రైవరు: వాడుక, పోషణ

బోరుబావినే నమ్ముకొని మెట్టసేద్యము చేయు మర్రిపాడు ప్రాంతపు రైతునకు పలుగు, పారలతోపాటు స్క్రూడ్రైవరును నేడు నిత్యావసరమే. స్టార్టరుపెట్టె గాని, మందుకొట్టు యంత్రము గాని, ట్రాక్టరు దీపము గాని మరమేకులు విప్పనిదే తెఱవరాదు. అందులకై కొందఱు రాచెట్టు రకమును కొనుచున్నారు. దాని లోపలి యేర్పాటు నెఱిగి వాడినచో అది కొడుకు చేతికి వచ్చును. ఎఱుగక వాడినచో ఏడాది నిలువదు.

ఆ యేర్పాటు మనకు క్రొత్తది కాదు. సైకిలు ఫ్రీవీలును జూడుడు. పెడలు ముందునకు త్రొక్కినపుడు చక్రము కదలును. వెనుకకు త్రిప్పినపుడు టకటకమను చప్పుడే గాని కదలిక లేదు. లోపల ఱంపపు పండ్లవంటి పండ్లుగల చక్రము, ఆ పండ్లసందున పడు చిన్న ఉక్కునాలుక, దానిని నొక్కియుంచు సన్నని స్ప్రింగు, ఇంతే. స్క్రూడ్రైవరు పిడిలోను ఇదియే యున్నది. కావున పట్టు విడువకయే మణికట్టును అటు నిటు త్రిప్పుచుండగా మరమేకు ఒకేదిశగా దిగును. చక్రమునకు 24 పండ్లున్నచో ఒక్కొక్క పంటికి 15 డిగ్రీలు తిరుగవలెను. 72 ఉన్నచో 5 డిగ్రీలు చాలును. ఇఱుకుమూలలలో రెండవది మేలు. కాని చిన్నపండ్లు మన యెఱ్ఱదుమ్మున కోర్వవు.

ఇది నిన్న మొన్నటి వింతయు గాదు. ఫిలడెల్ఫియాలోని నార్త్ బ్రదర్స్ వారు 19వ శతాబ్దము చివరనే ‘యాంకీ’ యను పేర నిట్టివి చేసిరి. 1946లో ఆ సంస్థను స్టాన్లీ వారు కొనిరి.

పిడిమీది మీటకు సాధారణముగా మూడు స్థానము లుండును: బిగించుటకు, విప్పుటకు, నడుమ కదలక నిలుచుటకు. నడుమ నిలిపినచో సాదా స్క్రూడ్రైవరుతో సమానమని పలువురు తలంతురు. అది పొరపాటు. పెక్కు రకములలో అప్పుడును బలమును మోయునవి ఆ చిన్న నాలుకలే. ఒక నాలుక మొన విఱిగినచో పిడి యంతయు వ్యర్థము. కావున తుప్పుపట్టిన మరమేకునకు కిరసనాయిలు చుక్క వేసి రాత్రి యంతయు విడిచి, మఱునాడు మొదటి పట్టును దిట్టమైన సాదా స్క్రూడ్రైవరుతోనే విడిపింపవలెను. తరువాతి చుట్లకు రాచెట్టు. బిగించునపుడు చుట్లన్నియు రాచెట్టుతో త్రిప్పి, కడపటి బిగువు మాత్రము సాదాదానితో నీయవలెను. పనికి రెండు పనిముట్లా యని విసుగుకొనువారు ఖర్చును లెక్కించి చూచుకొందురు గాక.

కడపటి బిగువును గూర్చి యింతగా చెప్పుటకు కారణము కలదు. అల్యూమినియము తీగ మరమేకు క్రింద నలిగి కాలక్రమమున వదులగును. వదులైనచోట వేడి పుట్టి తీగ కాలును. మూడు ఫేజులలో నొకటి పోయినను మోటారు తిరుగుచునే యున్నచో చుట్ట మాడిపోవును. పైరు ఈనికమీద నున్నపుడు మోటారు మాడినచో నష్టమెంతో వేఱుగ చెప్పనక్కఱలేదు. అందువలన ప్రతిపంటకు ముందు టెర్మినలు మరమేకులను సరిచూడవలెను. అయితే కరెంటు లేని వేళ గదా యని పెట్టె తెఱవరాదు. సరఫరా చెప్పి రాదు, ఆటోస్టార్టరు ఎవరి యనుమతియు కోరదు. మెయిను ఆపి, ఫ్యూజులు ఊడదీసి, వానిని జేబులో నుంచుకొని, తీగలలో కరెంటు లేదని టెస్టరుతో చూచుకొనిన పిమ్మటనే పని మొదలిడవలెను. ప్లాస్టిక్ పిడి యున్నంతమాత్రమున రక్షణ యని నమ్మరాదు. 1000 వోల్టుల గుర్తులేని పనిముట్టు విద్యుత్పనికి నిర్మింపబడినది కాదు.

ఇక పోషణ. సుత్తిగా గాని ఉలిగా గాని వాడకుడు. గట్టుమీద, మట్టిలో పెట్టకుడు. లోపల చిక్కని గ్రీజు నింపుట ఉపకారము కాదు. దుమ్ముతో కలిసి నాలుకను అంటించివేయును. కిరసనాయిలుతో కడిగి ఆరనిచ్చి, కుట్టుమిషను నూనె ఒక్కచుక్క వేసిన చాలును. బిట్టు అరిగినచో బిట్టునే మార్చుడు. అరిగిన బిట్టు మరమేకు తలను కొఱికి పాడుచేయును. శుభ్రపఱచిన పిదపను పండ్లు జాఱుచున్న రాచెట్టును స్టార్టరు పెట్టెకడకు కొనిపోవలదు.