“సోడేదిరా బావూ?”: ఒక బిస్కెట్టు పొడి పరీక్ష

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

రసాయన శాస్త్రం అనగానే మన మిత్రులకు పిప్పెట్టు, బ్యూరెట్టు, ప్రాక్టికల్ రికార్డు మీద ఎర్ర సిరా సంతకం గుర్తుకొస్తాయి. వంటిల్లు ఎవరికీ గుర్తు రాదు. నాకూ మొన్న సంక్రాంతి సెలవుల దాకా రాలేదు. ఆ సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న పరీక్షను గూర్చి ఈ సంచికలో రాయాలనిపించింది. పరీక్ష చిన్నదే గాని, దాన్ని మొదలుపెట్టించింది నేను కాదు, మా నాయనమ్మ.

మా ఊరు చీపురుపల్లికీ రాజాంకీ నడుమ ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టక ముందు మాది శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. పల్లపు భూమిలో వరి, ఎకరంన్నర మెట్టలో చోడి వేస్తాం. మిగతా ఆంధ్రదేశం రాగులు అనేదాన్ని మేము చోడి అంటాం. నాయనమ్మ నోట అది ‘సోడి’. ఆవిడకి నాలుగేళ్లుగా షుగరు. డాక్టరుగారు బిస్కెట్లు మానమన్నారు. టీలో బిస్కెట్టు ముంచుకు తినడం ఒక్కటే ఆవిడ విలాసం. అదీ పోయింది.

పండక్కి విశాఖపట్నం నుంచి వచ్చిన మా అక్క ఒక పాకెట్టు తెచ్చింది. దాని మీద పెద్ద అక్షరాలతో ‘రాగి కుకీ మిక్స్’ అని రాసి ఉంది. కుకీ అంటే బిస్కెట్టే, కొంచెం మందం, కొంచెం మెత్తన. వెన్న కలిపి, ఉండలు చేసి, కాల్చుకోవడమే. “రాగిది కదా, నాయనమ్మ తినొచ్చు” అంది అక్క. అమ్మ కూడా సరే అంది. అరిసెల పాకం దగ్గర కూర్చున్నవాళ్లకి ఇంకో వంట చేసే ఓపిక లేదు గనుక పని నా మీద పడింది. సైన్సు చదువుతున్నాను గదా!

ఇలాంటి కలిపిన పొడులు కొత్తవేమీ కావు. 1843లో ఇంగ్లండులో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే రసాయనజ్ఞుడు, తన భార్యకు ఈస్టు పడదని, సోడాను ఆమ్లగుణం గల పొడితో కలిపి బేకింగ్ పౌడరు చేశాడు. అమెరికాలో 1931లో జనరల్ మిల్స్ కంపెనీ ‘బిస్క్విక్’ అనే కలిపిన పిండిని అమ్మకానికి పెట్టింది. మన దేశంలో పుణేలో 1963లో మొదలైన ‘గిట్స్’ వారి గులాబ్ జామూన్ పొడి తెలియని ఇల్లు తక్కువ. అన్నిటి కిటుకూ ఒక్కటే: తడి తగలనంత వరకు సోడా, ఆమ్లం పక్కపక్కనే ఉన్నా కలహించుకోవు.

మొదటి వాయి సంగతి దాచకుండా చెబుతాను. పాకెట్టులో 250 గ్రాముల పొడి, 100 గ్రాముల వెన్న కలపమన్నాడు. నేను 100 గ్రాముల పొడి తీసుకుని 40 గ్రాముల వెన్న కలిపాను. మాకు ఓవెన్ లేదు. కుక్కరులో రెండు గుప్పెళ్ల కళ్లుప్పు పోసి, గాస్కెట్టూ విజిలూ తీసేసి, లోపల కంచం పెట్టాను. అరగంట తరువాత మూత తీస్తే ఎనిమిది ఉండలూ ఏకమై ఒక అట్టు తయారైంది, అడుగు మాడింది. మా తమ్ముడు దాన్ని చేటలో పెట్టి ఊరంతా చూపిస్తానని బయలుదేరాడు.

తప్పు రెండు చోట్ల జరిగింది. బజారు వెన్నలో కొవ్వు 80 శాతానికి తగ్గకూడదని నిబంధన. నేను వాడింది ఇంట్లో చిలికిన గేదె వెన్న, నీళ్లు సరిగా పిండలేదు. పొడి చెప్పిన కొలత ఒకటి, నేను వేసిన పదార్థం ఇంకొకటి. రెండోది, ఉప్పు వేడెక్కక ముందే కంచం పెట్టాను. మెల్లగా వేడెక్కితే పిండి గట్టిపడక ముందే వెన్న కరిగి పారుతుంది. రెండో వాయికి వెన్న గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఉండల్ని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ఉప్పును పదిహేను నిమిషాలు ముందుగా కాచాను. ఈసారి బిస్కెట్లు గుండ్రంగా, పైన బీటలతో, చక్కని గోధుమ నలుపు రంగులో వచ్చాయి. రుచి కూడా బాగుంది. బాగులేదని అబద్ధమాడలేను.

నాయనమ్మకి ఒకటి ఇచ్చాం. నమిలింది. ఇంకో ముక్క నమిలింది. “ఏటిరా ఇది? సోడి బిస్కెట్టంతన్నారు, సోడేదిరా బావూ?” అంది.

“రంగు చూడు నాయనమ్మా, నల్లగా లేదూ?” అన్నాను.

“రంగుదేటుంది? సోడయితే నాలిక్కి తెలీదా నాకు?” అంది.

అరవై ఏళ్లుగా చోడి అంబలి తాగుతున్న నాలుకతో వాదించడం కష్టం. అప్పుడు, అంటే బిస్కెట్లు కాల్చిన తరువాత, నేను పాకెట్టు వెనక్కి తిప్పాను. ప్రాక్టికల్ పరీక్షలో ప్రశ్న చదవకుండా ప్రయోగం మొదలుపెట్టినవాడి పని ఇదే.

వెనక చిన్న అక్షరాల్లో ఉంది: మైదా 44 శాతం, పంచదార 30, రాగి పిండి 18, కోకో పొడి 5. ఆ తరువాత ఉప్పు, ఐ.ఎన్.ఎస్. 500, వాసన. నల్ల రంగు చాలావరకు కోకోది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, పాకెట్టు మీద పదార్థాలను బరువులో ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. పేరులో ఏ పదార్థాన్ని గొప్పగా చెప్పుకున్నారో దాని శాతం చెప్పాలి. కనుక మొదటి మూడు పేర్లు చదివితే సగం సంగతి తెలిసిపోతుంది. ఐ.ఎన్.ఎస్. 500 చూసి భయపడనక్కరలేదు, అది మన వంటసోడా కుటుంబమే. భయపడవలసిన పేర్లు అంకెల్లో ఉండవు, ‘పంచదార’ అని తెలుగులోనే ఉంటాయి.

మిగిలిన 50 గ్రాముల పొడి పొట్లం కట్టి కళాశాలకు తెచ్చాను. 10 గ్రాములు తూచి నీళ్లలో బాగా కలిపి, వడపోత కాగితం మీద వడకట్టి, ఆరబెట్టి తూస్తే 6.7 గ్రాములు మిగిలింది. కరిగిపోయిన 3.3 గ్రాములలో పంచదారే ప్రధానం. లేబులు లెక్కకు దగ్గరగానే వచ్చింది. తరువాత 20 గ్రాములు ముద్ద చేసి కుళాయి కింద మెల్లగా పిసికాను. పిండి తెల్లగా కొట్టుకుపోయాక వేళ్ల మధ్య రబ్బరులా సాగే చిన్న ముద్ద మిగిలింది. అది గ్లూటెన్, గోధుమ మాంసకృత్తు. మా ఇంటి చోడి పిండిని అలాగే పిసికితే ఏమీ మిగలలేదు, ఎందుకంటే చోడిలో గ్లూటెన్ లేదు. నాయనమ్మ నాలుక చెప్పినదానికి ప్రయోగశాల సంతకం చేసింది.

ఇక రైతు కొడుకుగా ఇంకో లెక్క వేయకుండా ఉండలేకపోయాను. 250 గ్రాములలో 18 శాతం అంటే 45 గ్రాముల చోడి. 2025–26 కి కేంద్ర ప్రభుత్వం రాగులకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కిందనుకున్నా 45 గ్రాములకు రైతుకొచ్చేది 2 రూపాయల 20 పైసలు. పాకెట్టు వెల 140 రూపాయలు. మిగతాదంతా ఎవరో మింగేశారని నేననను. మరపట్టడం, కొలతలు కుదర్చడం, పాకెట్టు, రవాణా, దుకాణం అద్దె అన్నీ ఉంటాయి. కాని పాకెట్టు అమ్ముడుపోయేది ఆ 2 రూపాయల 20 పైసల సరుకు పేరు మీద. మా నాయన ఈ లెక్క విని ఏమీ అనలేదు. పాకెట్టు అడిగి తీసుకుని రెండువైపులా చూసి ఇచ్చేశాడు.

చోడికి ఆ పేరు ఊరికే రాలేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలలో 100 గ్రాముల చోడిలో 364 మిల్లీగ్రాముల కాల్షియం చూపించారు. మైదాలో 20 చిల్లర. విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం ఎన్నో ఏళ్లుగా ఈ పంట మీద పనిచేస్తోంది. భారతి, శ్రీచైతన్య, వేగావతి రకాలు అక్కడివే. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. అయితే ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. చోడిలోనూ 100 గ్రాములకు సుమారు 67 గ్రాములు పిండిపదార్థమే. పీచు ఎక్కువగా ఉండడం దాని మంచి, అంతేగాని షుగరున్నవారు ఎంతైనా తినవచ్చని కాదు. పంచదారకు బదులు బెల్లం వేస్తే దోషం లేదని మా వీధిలో గట్టి నమ్మకం. బెల్లంలో అధికభాగం అదే సుక్రోజు. రక్తానికి దాని రంగుతో పనిలేదు.

తరువాతి శనివారం ఇంటికి వెళ్లి నాయనమ్మ కోసం తీపి లేకుండా చేశాను. చోడి పిండి 75 గ్రాములు, సాగుడు లేకపోతే విరిగిపోతుంది గనుక గోధుమ పిండి 25 గ్రాములు, వెన్న, వాము, ఉప్పు, అర చెంచాడు వంటసోడా. వాయి బాగా పొంగింది. నాయనమ్మ నోట్లో పెట్టుకుని “సబ్బులాగున్నాది” అని ఉమ్మేసింది.

ఇక్కడ పాఠ్యపుస్తకం పనికొచ్చింది. సోడియం బైకార్బొనేట్ ఒక్కటే వేడెక్కితే రెండు అణువులకు ఒక్క అణువు బొగ్గుపులుసు వాయువే వస్తుంది, మిగతాది సోడియం కార్బొనేట్‌గా, అంటే చాకలి సోడాగా మిగిలిపోతుంది. ఆ సబ్బు రుచి దానిదే. తడిచేతో చిటికెడు పసుపు ఆ బిస్కెట్టుకు రాస్తే ఎర్రబారింది, క్షారం ఉందనడానికి ఇంతకన్న లిట్మస్ కాగితం అక్కరలేదు. తగిన ఆమ్లం తోడుంటే అదే ఒక గ్రాము సోడా రెట్టింపు వాయువునిస్తుంది (సున్న డిగ్రీల లెక్కన 133 మిల్లీలీటర్లకు బదులు 267), పైగా క్షారం మిగలదు. కనుక మరుసటి రోజు సోడా పావు చెంచాడుకు తగ్గించి, రెండు చెంచాల పుల్ల పెరుగు కలిపాను. పసుపు పసుపుగానే ఉంది.

నాయనమ్మ ఆ బిస్కెట్టు టీలో ముంచింది. ముంచినంత మేరా విరిగి గ్లాసు అడుగుకు పోయింది. చెంచా అడిగి తీసుకుని, అడుగున చేరినదాన్ని తోపలా కలుపుకుని తిన్నది. “ఇది సోడే” అంది. గోధుమ పిండి 35 గ్రాములకు పెంచి చూడాలి. వచ్చే సెలవులకి.