వ్యక్తి వెళ్లిపోతాడు, వ్యవస్థ నిలుస్తుంది

దానం ఒక పూట ఆకలి తీరుస్తుంది. మంచి వ్యవస్థ తరాలను నిలబెడుతుంది. స్పెయిన్ దేశంలోని మోండ్రగాన్ పట్టణానికి 1941లో ఫాదర్ హోసే మరియా అరిజ్‌మెండియారియేటా సహాయక గురువుగా వచ్చారు. అంతర్యుద్ధం మిగిల్చిన పేదరికం చూసి 1943లో వృత్తివిద్యా పాఠశాల తెరిచారు. ఆయన శిష్యులు ఐదుగురు 1956లో సహకార కర్మాగారం స్థాపించారు. 1959లో స్థానికుల పొదుపుతో సహకార బ్యాంకు వెలసింది. సభ్యులలో ఒక్కరికి ఒకే ఓటు.

ఫాదర్ 1976లో మరణించారు. ఆ తొలి కర్మాగారం నుంచి పెరిగిన సంస్థ 2013లో దివాలా తీసింది. అయినా తోటి సంఘాలు ఎందరో కార్మికులకు పని చూపాయి.

మరి మన విచారణలోని పొదుపు సంఘం మాటేమిటి? లెక్కల పుస్తకం నెలనెలా అందరి ముందు తెరుస్తున్నామా? పేదవాని మాటకూ విలువ ఉందా? ఈ ఆదివారం పూజ తర్వాత కూర్చుని ఆలోచించండి.